పన్నెండేళ్ళు పట్టకారే పాన: మా ఇంటి వాడకం తర్వాత సమీక్ష

మేం నల్లగొండలో ఈ ఇల్లు కట్టుకుని దిగింది 2013లో. గృహప్రవేశం మర్నాడు దేవుడి పటానికి మొల కొట్టాలంటే ఇంట్లో సుత్తె లేదు. మేస్త్రీలు వాళ్ళ సామాను వాళ్ళు సర్దుకుని పోయారు. అత్తమ్మ వంటింట్లోంచి అల్లం దంచే ఇనుప రోకలి తెచ్చి నా చేతిలో పెట్టింది. మొల దిగింది. ఆ ఒక్క మొల దిగడంతోనే మా ఇంట్లో సుత్తె కొనే ఆలోచన పోయింది. తర్వాత పాన కొనలేదు, స్క్రూడ్రైవర్ కొనలేదు. అన్నిటికీ వంటిల్లే దిక్కు. పన్నెండేళ్ళు అలా వాడాక ఏది ఎంతవరకు పనికొస్తుందో నాకు బాగానే తెలిసింది.

రోకలి మంచిదే. బరువు ఉంది, చేతికి అమరుతుంది. కానీ దాని మూతి గుండ్రం. మొల నెత్తి మీద సరిగ్గా పడకపోతే పక్కకు జారుతుంది, జారినప్పుడల్లా నా ఎడమ బొటనవేలు గోరు నల్లబడింది. అయినా అయిదుకు నాలుగు ఇస్తా. రోకలి కనబడనప్పుడు ఒకసారి సన్నికల్లు పొత్రం తీసుకున్నా. రెండో దెబ్బకు రాయి పెచ్చు లేచి నా చెంపకు తగిలింది. ఒక్క అంగుళం పైన తగిలితే కన్ను. పొత్రం జోలికి మళ్ళీ పోలేదు.

స్క్రూడ్రైవర్ స్థానంలో పావలా. నవ్వకండి. 2011లో పావలా చెలామణి ఆగిపోయాక పోపుల డబ్బాలో ఏడెనిమిది మిగిలాయి, ఖడ్గమృగం బొమ్మ ఉన్నవి. స్టీలు కాబట్టి వంగవు, పలచన కాబట్టి గాడిలో దూరతాయి. అడ్డగీత ఒక్కటే ఉండే పెద్ద స్క్రూలకు, పిల్లల బొమ్మల బ్యాటరీ మూతలకు ఇంతకంటే మంచిది నేను చూడలేదు. ఇప్పటి రూపాయి బిళ్ళతో ప్రయత్నించా, మా బొమ్మల గాడిలో దూరలేదు.

ప్లస్ గుర్తు స్క్రూకు మాత్రం పావలా చెల్లదు. అక్కడ నేను కూరగాయల కత్తి మొన వాడాను. కుక్కర్ పిడి వదులైనప్పుడల్లా కత్తి మొనతో బిగించడం మన ఇళ్ళల్లో అందరూ చేసే పనే. మొదటి రెండేళ్ళు బాగానే తిరిగింది. మొన ఆనేది నాలుగు గాళ్ళలో రెండింటికే. దాంతో తిప్పిన ప్రతిసారీ స్క్రూ తల కొంచెం కొంచెం చెక్కుకుపోయింది, చివరికి నడిమధ్యలో గుంట మిగిలింది. కత్తి కూడా మిగల్లేదు. పదును నిలవాలని దాని ఇనుమును గట్టిగా చేస్తారు, గట్టిదనం ఎక్కువైతే పెళుసు. మెలిపెట్టగానే మొన టప్పున విరిగింది. ఇప్పుడు ఆ మొన లేని కత్తితో బీరకాయ చెక్కు తీస్తున్నా.

ఇక పట్టకారు. అసలు ఇది రాయడానికి కారణమే అది. అత్తమ్మ పెళ్ళప్పుడు దేవరకొండలో కొన్నదట, ఇనుపది. పొడవు కాళ్ళు, వంకర మూతి, నడుమ ఒక రివిట్. సీసా మూతలు, స్కూటీ అద్దం నట్టు, గేటు గడియ, అన్నీ దానితోనే తిప్పాను. తేలికగా కదిలే ప్రతిదాన్నీ అది కదిలించింది. కదలనిది ఎదురైనప్పుడే దాని సంగతి బయటపడింది.

పోయిన ఎండాకాలం వంటింటి నల్లా చుక్క చుక్క కారడం మొదలైంది. లోపలి వాషర్ అరిగితే అలాగే కారుతుంది. పై నట్టు విప్పి అయిదు రూపాయల వాషర్ మారిస్తే సరిపోయే పని. కానీ మాది బోరు నీళ్ళు. నల్లా మెడ చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని రాయిలా బిగుసుకుంది. పట్టకారుతో పట్టి తిప్పాను. జారింది. ఇంకా గట్టిగా నొక్కాను. మళ్ళీ జారింది. దగ్గరికి వంగి చూస్తే ఆరు పలకల నట్టు మూలలన్నీ మెరుస్తున్నాయి. పాన అయితే నట్టును ఎదురెదురుగా ఉన్న రెండు పలకల మీద చదునుగా పట్టుకుంటుంది. పట్టకారు మూతిని వంచింది గిన్నె అంచు కోసం, అది నట్టు మూలల మీదే ఆనుతుంది. బలం పెట్టినకొద్దీ ఆ మూలలు అరుగుతాయి. పూర్తిగా అరిగాక పాన తెచ్చినా పట్టు దొరకదు.

అక్కడ ఆగితే బాగుండేది. కోపమొచ్చి, వాషర్ వద్దు, నల్లా మొత్తం విప్పేద్దామని పట్టకారు కాళ్ళ మధ్య చపాతీ కర్ర దూర్చి మెలిపెట్టాను. పట్ మని శబ్దం. నల్లా నా చేతిలోకి వచ్చింది, దాని మర చుట్లున్న ముక్క మాత్రం గోడలోనే ఉండిపోయింది. మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. నీళ్ళు ఎదురుగా ఉన్న ఫ్రిజ్ దాకా కొట్టాయి. ట్యాంకు నీళ్ళు ఆపే గేటు వాల్వ్ తిప్పుదామంటే అదీ ఉప్పుపట్టి కదల్లేదు.

అప్పుడు ఆదుకున్నది మక్క బెండు. పిల్లలు తిని పడేసిన కంకి చెత్త డబ్బాలో ఉంది. సన్నటి కొనకు పాత లుంగీ పీలిక చుట్టి గోడలోని బొక్కలో పెట్టి రోకలితో రెండు దెబ్బలు కొట్టాను. నీళ్ళు తాగి బెండు ఉబ్బిందేమో, పది నిమిషాల్లో కారడం పూర్తిగా ఆగింది. సాయంత్రం ప్లంబర్ వచ్చేదాకా కదల్లేదు. పన్నెండేళ్ళలో అయిదుకు అయిదు ఇచ్చేది దీనికే.

ప్లంబర్ ముందు నట్టు చూశాడు. "అక్కా, దీన్ని దేనితోటి తిప్పినవ్?" అన్నాడు. పట్టకారు చూపించాను. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆక్సా బ్లేడుతో గోడలో మిగిలిన ముక్కను లోపలినుంచి రెండు చోట్ల చీల్చి, చిన్న ఉలితో లాగాడు. కొత్త నల్లా, కూలి, గేటు వాల్వ్ కలిపి పన్నెండు వందల చిల్లర అయింది.

ఉప్పు గురించి ఒక మాట. నల్లగొండ నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. కానీ నల్లా మీద కట్టే తెల్ల పెచ్చు ఫ్లోరైడు కాదు, ఎక్కువగా కాల్షియం. దానికి పులుపు పడదు. నకిరేకల్ వైపు నిమ్మతోటలే కదా, నిమ్మకాయలకు మాకు కరువు లేదు. ప్లాస్టిక్ కవర్లో నిమ్మరసం పోసి, నల్లా మూతి అందులో మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున బ్రష్‌తోనే పోతుంది. ఆ పని ముందే చేసుంటే ఈ కథే లేదు. ఇంటి సామానుతో చేసే పనిని చిన్నచూపు చూడడం కూడా నాకు నచ్చదు. నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించడానికి 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేసిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. ఇంట్లో బకెట్‌లోనే చేసుకోవచ్చు. కాకపోతే ఏది ఎంత వేయాలో లెక్క ఉంది, నా చపాతీ కర్రకు ఏ లెక్కా లేదు.

సున్నా మార్కులు ఒక్కదానికే, అది మా ఆయన నిర్వాకం. కూలర్, మోటారు ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతోందని పాత వైరులోంచి రాగి తీగలు నాలుగు పేనికట్టి ఫ్యూజులో చుట్టాడు. మళ్ళీ పోలేదు, నిజమే. లోడు ఎక్కువైనప్పుడు తెగిపోవడమే దాని పని, అది తెగకపోతే కాలేది గోడలో వైరు. వారానికి బోర్డు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు, ఎం.సి.బి., పెట్టించేదాకా ఆయనతో నేను సరిగ్గా మాట్లాడలేదు.

మిగతావి చెప్పాలంటే, పైపు పగులుకు సైకిల్ ట్యూబు పీలిక లాగి చుడితే నెలలు ఆగుతుంది. గ్యాస్ లీకు అనుమానం వస్తే రెగ్యులేటర్ దగ్గర సబ్బు నురగ రాయాలి, బుడగ లేస్తే లీకే. వెంటనే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, 1906కు ఫోన్ చేయడమే. పట్టకారు అక్కడికి తేవద్దు. కుక్కర్ వెయిట్ పెట్టే గొట్టంలో చెత్త తీయడానికి పిన్నీసు చాలు.

ప్లంబర్ పోయిన మర్నాడే ప్రకాశం బజార్‌కు వెళ్ళి పది అంగుళాల పాన, రెండో నంబరు ప్లస్ స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్, టెస్టర్, సుత్తె కొనుక్కొచ్చాను. పాన పట్టినప్పుడు నట్టు జారకుండా తిరగడం మొదటిసారి చూసి, అవసరం లేకపోయినా స్కూటీ నట్టు రెండుసార్లు విప్పి బిగించాను.

పట్టకారుకు మాత్రం చపాతీ కర్ర దెబ్బకు రివిట్ వదులైంది. పాలగిన్నె దించుతుంటే అటూ ఇటూ ఊగుతోంది. అత్తమ్మ దానివైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి కొత్త కటింగ్ ప్లేయర్‌తో గిన్నె దించుకుంటోంది. ఆ రివిట్ మళ్ళీ బిగించాలంటే కింద ఇనుప దిమ్మె పెట్టి పైన కొట్టాలట. సుత్తె ఉంది, దిమ్మె లేదు. రోకలిని బోర్లా పెట్టి చూద్దామనుకుంటున్నా.