జర్మనీలో మూడు వారాలు: ఊరూరా తిరగడమా, మకాం వేసి చూడడమా? ఏది మేలు?

జర్మనీకి మొదటిసారి వెళ్లాలనుకున్నప్పుడు నేను వేసుకున్న ప్రణాళికలో ఇరవై ఒక్క రోజులకు తొమ్మిది ఊళ్లు ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్, హాంబర్గ్, బెర్లిన్, డ్రెస్డెన్, న్యూరెంబర్గ్, మ్యూనిక్, ఫ్రైబర్గ్, హైడెల్‌బర్గ్. పటం మీద గీత గీసి చూస్తే దేశాన్ని చక్కగా చుట్టి వచ్చినట్టే కనిపించింది. ఆ కాగితం చూసిన మా ఆవిడ ఒక్కటే అడిగింది: "ఇందులో పెట్టె ఎన్నిసార్లు సర్దాలి?"

లెక్క వేస్తే ఎనిమిది సార్లు. అక్కడి హోటళ్లు సాధారణంగా ఉదయం పదకొండుకల్లా గది ఖాళీ చేయమంటాయి. కొత్త ఊళ్లో గది మధ్యాహ్నం మూడు దాటితే గాని చేతికి రాదు. సర్దుకోవడం, స్టేషనుకు చేరడం, దిగాక దారి వెతుక్కోవడం కలిపితే ఊరు మారిన ప్రతిసారీ ఐదు గంటలు పోతాయి. ఎనిమిది ఐదులు నలభై. రోజుకు పది గంటలు తిరుగుతామనుకుంటే మూడు వారాల్లో నాలుగు రోజులు పెట్టెల కాపలాకే ఖర్చన్న మాట. తీరుబడిగా తిరగాలని వెళ్లేవారు ముందుగా వేసుకోవలసిన లెక్క ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది.

మన ముందున్న మార్గాలు మూడు. రైలు పాసు కొనుక్కొని రెండు రోజులకొక ఊరు చొప్పున తిరగడం మొదటిది. మూడు నాలుగు చోట్ల మకాం వేసి, చుట్టుపక్కల ఊళ్లకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం రెండోది. కారు అద్దెకు తీసుకొని మనమే నడుపుకోవడం మూడోది.

మొదటి పద్ధతికి బలమైన ఆకర్షణ వేగం. ఐసీఈ అనే వేగవంతమైన రైలులో మ్యూనిక్ నుంచి బెర్లిన్‌కు నాలుగు గంటల్లో చేరవచ్చు. ఐరోపా బయట నివసించేవారికి అమ్మే జర్మన్ రైల్ పాసుతో ఎంచుకున్న రోజుల్లో ఏ రైలైనా ఎక్కవచ్చు. ఇరవై అయిదేళ్ల వయసువారికి, లేదా ముందుగా ఏదీ నిర్ణయించుకోవడం ఇష్టం లేనివారికి ఇది సరైన ఏర్పాటే. అయితే రెండు సంగతులు తెలిసి ఎక్కాలి. ఒకటి, అక్కడ దూర ప్రయాణపు రైళ్లలో కూడా టికెట్టు వేరు, సీటు వేరు. సీటు కావాలంటే అదనంగా డబ్బు కట్టి రిజర్వు చేసుకోవాలి, లేకపోతే టికెట్టు ఉండి కూడా నిలబడవలసి రావచ్చు. రెండు, జర్మన్ రైళ్లు గడియారం ముల్లులా నడుస్తాయన్న పాత పేరును ఇప్పుడు నమ్ముకోకూడదు. 2024లో దూర ప్రయాణపు రైళ్లలో 62.5 శాతమే సమయానికి చేరాయి, అదీ ఆరు నిమిషాలలోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకుండా వచ్చిన సంఖ్య! ఎనిమిది సార్లు ఊరు మారేవారికి ఈ అంకె ఎనిమిది సార్లు ఎదురవుతుంది. మూడు సార్లు మారేవారికి మూడు సార్లే.

కారు విషయం త్వరగా తేల్చవచ్చు. మామూలు కార్లకు ఆటోబాన్‌లనే జర్మన్ హైవేల మీద టోలు లేదు. మన లైసెన్సుకు తోడు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉంటే ఆరు నెలల వరకు నడపవచ్చు. కానీ కుడివైపు నడపడం కొత్త, కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేయడం నిషేధం, వేగపరిమితి లేని భాగాల్లో ఎడమ లేన్‌లో వెనకనుంచి వచ్చే కార్లను అద్దంలో చూసి అంచనా వేయడం మనకు అలవాటు లేని పని. చాలా నగరాల నడిబొడ్డున పర్యావరణ మండలాలున్నాయి, వాటిలోకి వెళ్లాలంటే కారుకు ఆకుపచ్చ స్టిక్కరు ఉండాలి. పార్కింగ్ ఖర్చు సరేసరి. మోజెల్ లోయలోని ద్రాక్షతోటల పల్లెలకో, బ్లాక్ ఫారెస్ట్ లోపలికో వెళ్లే రెండు మూడు రోజులకు కారు సుఖమే. మూడు వారాలూ కారు పెట్టుకుంటే అందులో సగం రోజులు అది పార్కింగ్‌లోనే ఉంటుంది.

ఇక మకాం పద్ధతి. దీన్ని చౌకగా, సులువుగా మార్చింది డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ టికెట్టు. 2023 మేలో 49 యూరోలకు మొదలై, 2025లో 58కి, 2026 జనవరి నుంచి 63 యూరోలకు పెరిగినా ఇప్పటికీ ఇంత లాభసాటి బేరం ఇంకొకటి లేదు. దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, నగరాల్లోని మెట్రోలు, ట్రాములు, బస్సులు అన్నీ ఇందులోకి వస్తాయి. ఐసీఈ, ఐసీ వంటి దూర ప్రయాణపు రైళ్లు మాత్రం రావు. ఈ టికెట్టుతోనే మ్యూనిక్ నుంచి బెర్లిన్‌కు పోదామనుకుంటే నాలుగైదు రైళ్లు మారుతూ రోజంతా గడపాలి. అందుకే ఊళ్ల మధ్య మకాం మార్చే మూడు రోజులకు మాత్రం ఐసీఈ టికెట్లను నెలల ముందే తక్కువ ధరకు కొనుక్కొని, మిగిలిన రోజులన్నీ ఈ టికెట్టు మీద తిరగడం మేలు. తక్కువ ధర టికెట్టు ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. గమ్యానికి ఇరవై నిమిషాలు, అంతకు మించి ఆలస్యం కానుందని తెలిస్తే ఆ నిబంధన సడలుతుంది, వేరే రైలు ఎక్కవచ్చు. ఆలస్యం గంట దాటితే ధరలో నాలుగో వంతు, రెండు గంటలు దాటితే సగం తిరిగి అడగవచ్చు.

వీసా విషయంలోనూ మకాం పద్ధతి కలిసివస్తుంది. షెంగెన్ వీసా దరఖాస్తుకు ప్రతి రాత్రీ ఎక్కడ ఉంటామో చూపాలి, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, పెద్దవారికి రుసుము 90 యూరోలు. తొమ్మిది హోటళ్ల కాగితాల కంటే నాలుగింటివి జతచేయడం తేలిక. ఒక తేదీ మారితే మిగిలినవన్నీ మార్చుకోవలసిన పని కూడా ఉండదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు ఇవ్వవచ్చు కనుక అపాయింట్‌మెంట్ కోసం ఆఖరు నెల వరకు ఆగకూడదు.

ఏ ఊళ్లలో మకాం వేయాలన్నది అసలైన ప్రశ్న. ఇక్కడే చాలామంది పేరున్న నగరాన్నే ఎంచుకుంటారు. పక్కనున్న చిన్న ఊరు చాలాసార్లు అంతకన్నా మేలు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేవారు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉండనక్కరలేదు. విమానాశ్రయం నుంచి లోకల్ రైలులో అరగంటలో వచ్చే మైన్జ్, నేను చూసినంతలో, అన్ని విధాలా మెరుగు. రైన్ నది ఊరి పక్కనే పారుతుంది, హైడెల్‌బర్గ్‌కు పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు. అన్నిటికీ మించి, 2002లో యునెస్కో గుర్తించిన రైన్ లోయ, బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా సుమారు 65 కిలోమీటర్లు, ఇక్కడి నుంచే మొదలవుతుందనుకోవచ్చు. ప్రాంతీయ రైలులో బాఖరాఖ్‌లో దిగి, అక్కడ పడవ ఎక్కి ప్రవాహం వాలున సాంక్ట్ గోర్ వరకు వెళ్లి, తిరుగు ప్రయాణం రైలులో చేయడం మంచిది. ఎదురీదే పడవకు చాలా ఎక్కువ సమయం పడుతుంది.

బాఖరాఖ్ ఒడ్డున బెంచీ మీద కూర్చున్న ఆ గంటను నేను ఏ కోటకూ ఇవ్వను. సరుకు పడవలు ఎగువకు ఎంత నెమ్మదిగా వెళ్తాయంటే, ఒక పడవ కనుమరుగయ్యేలోపు తెచ్చుకున్న పులిహోర డబ్బా ఖాళీ అయింది. పడవ వెనక భాగం పైకప్పు మీద ఒక చిన్న కారు నిలిపి ఉంది. పడవలోనే కాపురముండే కుటుంబానిది, ఒడ్డు చేరినప్పుడు దింపుకుంటారు. ఒడ్డు పొడవునా నది కిలోమీటర్లు రాసిన పలకలుంటాయి. పేరుమోసిన లోరెలై కొండ 554వ కిలోమీటరు దగ్గర వస్తుంది. రెండు రోజులకొక ఊరు చూసేవారు ఈ లోయను రైలు కిటికీలోంచి చూసి ఫొటో తీసుకుంటారు. చూసినట్టే, కానీ పులిహోర తిన్నట్టు కాదు.

దక్షిణాన మ్యూనిక్‌కు బదులు ఔగ్స్‌బర్గ్ నా ఎంపిక. మ్యూనిక్‌కు ప్రాంతీయ రైలులో ముప్పావు గంట దూరం, గది అద్దెలు సాధారణంగా తక్కువ. న్యూష్వాన్‌స్టయిన్ కోట చూడడానికి ఫ్యుసెన్‌కు మ్యూనిక్ నుంచి పట్టే సమయమే ఇక్కడి నుంచీ పడుతుంది. రెండో లూడ్విగ్ రాజు 1869లో మొదలుపెట్టి పూర్తికాకుండానే వదిలి పోయిన ఆ కోటకు 2025లో యునెస్కో గుర్తింపు వచ్చింది. టికెట్టు మీద లోపలికి వెళ్లే సమయం ముద్రించి ఉంటుంది, అది దాటితే అంతే. కోట లోపల నడిపించేది అరగంటే, దాని కోసం పోయేది ఒక పూర్తి రోజు. కొండలు, సరస్సులు కూడా చూడాలనుకుంటేనే వెళ్లమంటాను. ఔగ్స్‌బర్గ్‌లో నన్ను నిలబెట్టింది ఫుగ్గెరై. 1521లో ఫుగ్గర్ అనే సంపన్న వర్తకుడు పేదల కోసం కట్టించిన ఈ ఇళ్లలో ఇవాళ్టికీ జనం ఉంటున్నారు, ఏడాదికి అద్దె 88 సెంట్లు. ఇల్లు దొరికినవారు రోజూ మూడు ప్రార్థనలు చేయాలన్నది షరతు.

తూర్పున బెర్లిన్ తప్పదు. బెర్లిన్‌కు బదులు ఇంకొక ఊరని చెప్పడం మొదటి ప్రయాణానికి న్యాయం కాదు. అక్కడ ఐదు రాత్రులైనా ఉండాలి. మ్యూజియం ద్వీపానికే రెండు రోజులు కావాలి. అందులోని పెర్గమాన్ మ్యూజియంను మరమ్మతుల కోసం 2023 అక్టోబరులో మూసివేశారు, కనుక దాని కోసమే వెళ్లేవారు ముందే కనుక్కోవాలి. పార్లమెంటు గుమ్మటం ఎక్కడానికి డబ్బు అక్కరలేదు, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. బెర్లిన్‌కు ముందు నాలుగు రాత్రులు లైప్‌జిగ్‌లో గడపాలన్నది నా పట్టుదల. 1723 నుంచి మరణించే దాకా సంగీతకర్త బాఖ్ పనిచేసిన థామస్ చర్చి అక్కడ ఉంది. డ్రెస్డెన్‌కు పొద్దున వెళ్లి రావచ్చు. ఇంకా దగ్గరగా, లోకల్ రైలులో అరగంట పైచిలుకు దూరంలో, హాలే ఉంది.

హాలేను పర్యాటకులు పెద్దగా పట్టించుకోరు. తెలుగువారికి మాత్రం ఆ ఊరితో ఒక చుట్టరికం ఉంది. మద్రాసులో తెలుగు నేర్చుకొని తెలుగు వ్యాకరణం రాసిన బెంజమిన్ షుల్జ్ అనే మత ప్రచారకుడు తిరిగి హాలే చేరి, 1746 ప్రాంతంలో అక్కడే తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన భాషలో తొలి అచ్చు పుస్తకాలుగా వాటినే చెప్తారు. ఆయనను పంపిన ఫ్రాంకే సంస్థల భవనాలు ఇప్పటికీ ఉన్నాయి. అటకపై గదిలో, దక్షిణ భారతం నుంచి వెళ్లిన వస్తువులతో సహా, మూడు వందల ఏళ్ల నాటి వింత వస్తువుల బీరువాలను అలాగే కాపాడుతున్నారు. తొమ్మిది ఊళ్ల ప్రణాళికలో హాలేకు చోటు దొరికి ఉండేది కాదు.

ఈ పద్ధతిలో హాంబర్గ్ పోయింది, బ్లాక్ ఫారెస్ట్ పోయింది. కొలోన్‌ను మైన్జ్ నుంచి ఒక రోజులో చూడవచ్చు, ఎందుకంటే 1248లో మొదలై 1880లో పూర్తయిన అక్కడి మహా చర్చి స్టేషను గుమ్మం ఎదుటే ఉంది. మిగతావి ఇంకోసారి. ఇంకోసారి రావడం కుదరదని తెలిసినవారు మాత్రం మొదటి పద్ధతిని ఎంచుకుంటే నేను తప్పు పట్టను.

బసలో హోటలు కంటే వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంటు మనవాళ్లకు మేలు. గుడ్డు తినే శాకాహారులకు జున్ను వేసిన ష్పెట్స్‌లె అనే నూడుల్స్, ఆలుగడ్డ అట్లు దొరుకుతాయి గాని, నాలుగో రోజుకు నాలుక చారన్నం అడుగుతుంది. అయితే గది శుభ్రం చేసినందుకు విడిగా ఒక రుసుము వేస్తారు. రెండు రాత్రులకు అది భారం, వారానికి పంచుకుంటే తెలియదు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయన్నది చదివి వెళ్లీ మొదటి వారం మేము మరిచిపోయాం. పెరుగు లేదు, కూరగాయలు లేవు. పెద్ద స్టేషన్లలోని దుకాణాలు తెరిచి ఉంటాయని సాయంత్రం పక్కింటి ముసలమ్మగారు చెప్పారు. నీళ్ల సీసా ఒక్కొక్కదానికి ముందే 25 సెంట్లు వసూలు చేస్తారు. ఖాళీ సీసాలను సూపర్ మార్కెట్లోని యంత్రం నోట్లో పెడితే, అది ఒక్కొక్కదాన్ని తిప్పి చూసుకొని మింగి, చివర చీటీ ఇస్తుంది. ఒకే ఊళ్లో వారం ఉన్నవారికి ఆ చీటీతో పాలు వస్తాయి; రోజు విడిచి రోజు ఊరు మారేవారు సీసాలను గదిలోనే వదిలేస్తారు.

నెల విషయంలో మే నెలాఖరు, సెప్టెంబరు రెండూ మంచివే. మే, జూన్‌లలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, తెల్ల ఆస్పరాగస్ అనే కూర జూన్ 24 వరకు దొరుకుతుంది. కాని సెలవు దినాలు ఎక్కువ, రైళ్లు కిటకిటలాడతాయి. డిసెంబరు క్రిస్మస్ సంతలు అందమైనవే అయినా సాయంత్రం నాలుగుకే చీకటి పడే ఊళ్లో తీరుబడి తిరుగుడు సాగదు. నేను సెప్టెంబరు వైపే మొగ్గుతాను. మ్యూనిక్ బీరు పండుగ సెప్టెంబరు మూడో వారంలో మొదలవగానే ఆ చుట్టుపక్కల గదుల ధరలు ఎగిరిపోతాయి కనుక, మొదటి తేదీకి మైన్జ్, ఆరుకు ఔగ్స్‌బర్గ్, పదకొండుకు లైప్‌జిగ్, పదిహేనుకు బెర్లిన్ అని వేసుకుంటే ఆ రద్దీ మొదలయ్యేలోగా దక్షిణం దాటిపోవచ్చు. తిరుగు విమానం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచే అయితే బెర్లిన్‌ను ముందు రోజే వదలాలి; ఆ 62.5 శాతం అంకెను విమానం రోజున పరీక్షించకూడదు.

ఈ తేదీల్లో ఇంకొక లాభం ఉంది. డాయిచ్‌లాండ్ టికెట్ ముప్పై రోజులకు కాదు, క్యాలెండరు నెలకు చెల్లుతుంది. నెల మధ్యలో దిగి వచ్చే నెల మొదటి వారం దాకా ఉండేవారు రెండు నెలలకు కట్టాలి. పైగా అది చందా లాంటిది, తనంత తానే కొనసాగుతుంది. టికెట్టు వాడే నెల పదో తేదీలోగా రద్దు చేయకపోతే, మీరు ఇంటికి వచ్చి కూర్చున్న తర్వాత కూడా అక్టోబరుకు 63 యూరోలు మీ కార్డు నుంచి పోతాయి.