1హెచ్‌జెడ్ ఇంజిన్: పన్నెండేళ్లు నడిపాక

టొయోటా 1హెచ్‌జెడ్ డీజిల్ ఇంజిన్‌ని నేను రెండు బళ్లలో నడిపాను. ఒకటి 70 సిరీస్ ల్యాండ్ క్రూజర్, రెండోది సైట్‌కి మనుషుల్ని దింపే కోస్టర్ బస్సు. జీపు 3.8 లక్షల కిలోమీటర్లు దాటింది, బస్సు 5 లక్షలకు దగ్గర పడింది. ఇప్పటిదాకా రెండింటిలో దేనికీ హెడ్ (సిలిండర్ల పైన కూర్చునే భాగం) విప్పలేదు.

స్పీడు కావాలంటే మాత్రం దీని జోలికి రావద్దు. 1990లో వచ్చిన డిజైన్, 4,164 సీసీ, వరసగా ఆరు సిలిండర్లు, గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేదు. ఇంత పెద్ద ఇంజిన్ ఇచ్చేది సుమారు 130 హార్స్‌పవరే. నిండా జనంతో కొండ ఎక్కేటప్పుడు బస్సు సెకండ్ గేర్‌లో మూలుగుతూ పోతుంది, వెనక లారీవాడు హారన్ మీంచి చెయ్యి తియ్యడు. మొదట్లో నాకూ చిరాకేసేది. కానీ ఆ ఇనప బ్లాకుని ఎవరూ పిండడం లేదు, అందుకే అది అరగడం లేదు. ఆయిల్ పది లీటర్ల దాకా పడుతుంది. దుమ్ములో తిరిగే బండి కాబట్టి 5 వేలకోసారి మార్చేస్తాను. మైలేజీ లీటరుకి ఏడో ఎనిమిదో, అంతకుమించి ఆశపడొద్దు.

నాకు బాగా నచ్చింది సిలిండర్లకి డీజిల్ కొట్టే మెకానికల్ పంపు. ఓసారి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయింది. పట్టపగలు కాబట్టి లైట్లు, ఫ్యాను కట్టేసి అరవై కిలోమీటర్లు అలాగే వచ్చేశాను. ఒకసారి స్టార్ట్ అయ్యాక పంపు మీదున్న సోలినాయిడ్‌కి (డీజిల్ దారి తెరిచి ఉంచే కరెంటు వాల్వుకి) కాస్త కరెంటు అందితే చాలు, నడుస్తూనే ఉంటుంది.

అసలు టెన్షన్ టైమింగ్ బెల్ట్‌తోనే, అంటే వాల్వుల్ని పిస్టన్లతో లెక్క తప్పకుండా ఆడించే బెల్టుతో. లక్ష కిలోమీటర్లకి డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. వచ్చే నెల చూద్దాంలే అనుకుంటూ ఇంకో పదిహేను వేలు తిప్పాను, తప్పు నాదే. కవర్ తీసి చూస్తే బెల్టు పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లు, ఒక అంచు ఆయిల్‌కి నాని మెత్తబడింది. గోరుతో నొక్కితే దిగింది. ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి, ఇక ఆ లక్షల కిలోమీటర్ల గొప్పలన్నీ అక్కడితో సరి. అప్పట్నుంచి 90 వేలకే, దాన్ని బిగుతుగా పట్టే టెన్షనర్‌తో సహా మార్చేస్తున్నా.

రెండున్నర లక్షలు దాటాక జీపు పంపు పక్కన తడి కనిపించింది. లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయి. పంపు దింపి సీళ్లు మార్పిస్తే సరిపోయింది.

టర్బో పెట్టిద్దామా అని చాలామంది అడుగుతారు. తోటి డ్రైవరొకడు పెట్టించాడు. నాలుగు నెలలు గాల్లో తేలాడు, తర్వాత హెడ్ పగిలింది. ఇందులో డీజిల్ మొదట హెడ్‌లోని చిన్న గదిలో అంటుకుంటుంది, వేడంతా అక్కడే. డీజిల్ పెంచి టర్బోతో గాలి ఒత్తిడి (బూస్ట్) ఎక్కిస్తే ముందు దెబ్బ తినేది ఆ చోటే.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు చల్లటి ఇంజిన్‌నే స్టార్ట్ చేయించండి, వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పండి. నడుస్తుండగా ఆయిల్ మూత తీసి పొగ ఎంత తన్నుతోందో చూడండి. బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మేవాడు తడుముకుంటే, అది మార్చేదాకా బండి రోడ్డెక్కించకండి.