ఆంగ్లో-ఇండియనా, యురేషియనా, మిశ్రమ సంతతా: ఏ మాట రాయాలి?

మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం ఉగాదికి చిన్న సంచిక వేస్తాం. ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో కాబట్టి ఈసారి ఊరి చరిత్ర రాయమన్నారు. రాసిచ్చాను. ఈ ఊరు మొదలైంది ఆంగ్లో-ఇండియన్లతో, అంటే యూరప్ వంశమూ మన వంశమూ కలిసిన సమాజంతో. ప్రూఫ్ తిరిగొచ్చేసరికి నేను 'ఆంగ్లో-ఇండియన్లు' అన్న ప్రతిచోటా మా మాస్టారు ఎర్ర ఇంకుతో కొట్టేసి 'సంకరజాతివారు' అని దిద్దారు. "తెలుగు సంచికలో తెలుగు మాటుండాలి కదమ్మా" అన్నారు. పాపం, ఆయనకు ఎవరినీ చిన్నబుచ్చే ఉద్దేశం లేదు.

కానీ ఆ మాట మనం దేనికి వాడతాం? సంకరజాతి ఆవు, సంకర పత్తి, సంకర జొన్న. పశువుల సంత నుంచీ విత్తనాల కొట్టు నుంచీ తెచ్చి మనిషికి తగిలిస్తే ఎలా ఉంటుంది? అంతకన్నా పాత చరిత్ర ఇంకోటుంది. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు బెంబేలెత్తేది వర్ణసంకరం గురించే. సంకరం నరకానికే దారి అంటాడు. ఇంత బరువున్న మాటను పక్కింటావిడ మీద పెట్టలేను. పోటీలోంచి దీన్ని మొదటే తీసేశాను.

తర్వాతిది యురేషియన్. చరిత్ర రాసేవాళ్లకు ఇది తప్పదు. 1882లో మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడెయరు సుమారు 3,900 ఎకరాలు ఇచ్చింది 'యురేషియన్ అండ్ ఆంగ్లో-ఇండియన్ అసోసియేషన్'కు. దాని వెనకున్న డి.ఎస్. వైట్ పేరే ఊరిపేరయింది. పొలాలు చేసుకుని బతికే ఊరు కట్టాలనుకున్నారు. ఇప్పుడా పొలాల్లో మనం ఈఎమ్‌ఐలు కడుతున్నాం, అది వేరే కథ.

ఆ సంఘం పేరు ఇంకోసారి చదవండి. రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు? ఆ రోజుల్లో ఆంగ్లో-ఇండియన్ అంటే ఇక్కడ కాపురమున్న అచ్చ ఇంగ్లీషువాడు. యూరప్ రక్తం, మన రక్తం కలిసినవాళ్లు యురేషియన్లు. ఆ మాటలో రానురాను చిన్నచూపు చేరింది, వాళ్లే వద్దన్నారు. 1911 జనాభా లెక్కల నాటికి ప్రభుత్వం కూడా వాళ్లను ఆంగ్లో-ఇండియన్లు అనే రాసింది. కాబట్టి పందొమ్మిదో శతాబ్దపు పుస్తకంలో 'ఆంగ్లో-ఇండియన్ కలెక్టరు' కనబడితే కంగారుపడి మిశ్రమ వంశం అంటగట్టకండి. ఆయన లండన్ నుంచి ఓడెక్కి వచ్చినవాడే అయుండొచ్చు. సింగపూర్‌లో మాత్రం యురేషియన్ ఇప్పటికీ గౌరవంగా చెప్పుకునే పేరే. మాట ఒకటే, ఊరు మారితే మర్యాద మారింది.

'మిశ్రమ సంతతి' మర్యాదగా ఉంది, పత్రికల్లోనూ వాడతారు. నేనూ దానికే మొగ్గాను. ఆ సందేహం పట్టుకునే మూడో ఫ్లోర్ ఆంటీ దగ్గరికెళ్లాను. వాళ్లది నాలుగు తరాలుగా రైల్వే కుటుంబం. ఆదివారం కావడంతో కొబ్బరిపాలతో వండిన పసుపన్నం, బాల్ కర్రీ, అంటే కీమా ఉండల పులుసు, పెట్టారు. తింటూ అడిగాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి అన్నారు: "మా అమ్మ ఆంగ్లో-ఇండియన్, నాన్న ఆంగ్లో-ఇండియన్, మా ఆయనా అంతే. నేను మిక్స్ ఎలా అయ్యాను? అలా చూస్తే నువ్వూ మిక్సే."

నా దగ్గర జవాబు లేదు. తమిళంలో వాళ్లను చట్టైక్కారర్ అంటారు, అంటే చొక్కా తొడుక్కున్నవాళ్లు. అది బయటివాళ్లు బట్టలు చూసి పెట్టిన పేరు. మిశ్రమ సంతతీ బయటి నుంచి చూసి పెట్టేదే. వాళ్లలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకుంటూ, తమ వంటా తమ యాసా తాము నిలుపుకున్న సమాజం పేరు అందులో వినబడదు.

మిగిలింది ఆంగ్లో-ఇండియన్. ఇదీ తేలికైన మాట కాదు. రాజ్యాంగం 366వ అధికరణం ప్రకారం తండ్రి గానీ, తండ్రి వైపు మగవాళ్ల వరసలో పైవాళ్లెవరైనా గానీ యూరప్ సంతతివారై ఉండాలి. ఆ మనిషి ఇక్కడే స్థిరపడినవాడూ, ఇక్కడే మకాం ఉన్న తల్లిదండ్రులకు ఈ దేశంలోనే పుట్టినవాడూ కావాలి. పేరులో 'ఆంగ్లో' ఉన్నా ఇంగ్లీషు రక్తమే ఉండనక్కర్లేదు. పోర్చుగీసు ముత్తాత ఉన్నా చాలు. తల్లి వైపు నుంచి వస్తే మాత్రం లెక్కలోకి రాదు. చట్టసభల్లో వీళ్లకుండే నామినేటెడ్ సీట్లు 2020 జనవరితో పోయాయి, నిర్వచనం మాత్రం ఉంది.

ఇది మా బ్లాక్‌లోనే కళ్లముందుంది. ఐదో తరగతి చదివే పాప ఒకతి. నాన్నది ఒంగోలు, అమ్మ జర్మన్. చట్టం లెక్కన ఆమె ఆంగ్లో-ఇండియన్ కాదు. ఆంటీ లెక్కనా కాదు, "ఆ పిల్ల తెలుగమ్మాయి, జర్మన్ కూడా" అన్నారు. ఆమె విషయంలో మిశ్రమ సంతతి అంటే తప్పేం కాదు గానీ, అవసరమొస్తే 'అమ్మ జర్మన్, నాన్నది ఒంగోలు' అంటే సరిపోయేదానికి అంత పెద్ద సమాసం ఎందుకు?

మాస్టారికి ఇదంతా చెప్పాను. "ఆంగ్లో-ఇండియన్ తెలుగు కాదు కదా" అన్నారు మళ్లీ. ఈ ఊళ్లో బొప్పాయిని పరంగి హణ్ణు అంటారు, పరంగి అంటే ఫిరంగివాడు, అంటే యూరప్‌వాడు, అయినా అది కన్నడమే అయిపోయింది కదండీ అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

చివరికి సంచికలో సమాజం గురించి రాసినచోటల్లా ఆంగ్లో-ఇండియన్ ఉంచాం. 1882 నాటి సంగతి వచ్చిన పేరాలో యురేషియన్ అని రాసి, ఆనాటి వాడుక అని పక్కనే చెప్పాం. వెనక అట్ట మీద ఆ పాప నాట్యం ఫొటో వేశారు. కింద ఎవరో 'మిశ్రమ సంతతి చిన్నారి' అని పెట్టారు. అది కొట్టేసి 'ఐదో తరగతి, కూచిపూడి' అని రాసి ప్రెస్‌కు పంపాను.