ఆల్గాయ్‌లో మా ఊరి పాలమిషన్: ఏడాదిన్నర వాడాక రాస్తున్నాను

చిల్లర వేస్తే పాలు పోసే ఈ మిషన్‌కి నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు ఇవ్వలేదో చిల్లర సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

మేం కూకట్‌పల్లిలో ఉండేవాళ్ళం. పాలు అయిపోతే ఫోన్లో నొక్కడమే, టీకి నీళ్ళు మరిగేలోపు ప్యాకెట్ గుమ్మంలో ఉండేది. మా ఆయనకి జర్మనీలో, బవేరియా దక్షిణం కొసన ఆల్గాయ్ ప్రాంతంలో ఉన్న కెంప్టెన్‌లో ఉద్యోగం వచ్చింది. టౌన్లో ఇల్లు దొరక్క, బస్సులో ఇరవై నిమిషాల దూరంలో ఈ పల్లెలో దిగాం. ఊరికి ఒకటే కొట్టు. మధ్యాహ్నం పన్నెండున్నరకి మూసి మళ్ళీ రెండున్నరకి తెరుస్తారు. బుధవారం మధ్యాహ్నం మూశారంటే ఇక అంతే. ఆదివారమైతే దేశమంతా దాదాపు అన్ని షాపులకీ సెలవే. మొదటి ఆదివారం ఇంట్లో చుక్క పాలు లేవు, బస్సు లేదు. టీ లేకపోయేసరికి ఇద్దరం పొద్దున్నే గొడవపడ్డాం. నా గొంతు వినిపించిందో ఏమో, పక్కింటి పెద్దావిడ సైగలతోనే సంగతి కనుక్కుని, ఒక గాజు సీసా చేతికిచ్చి పశువుల కొట్టం దాకా నడిపించుకుని వెళ్ళింది.

కొట్టం పక్కన చెక్క గది. తలుపుకి తాళం ఉండదు. లోపల ఫ్రిజ్ అంత స్టీలు మిషన్. సీసా పెట్టి, చిల్లర వేసి, బటన్ నొక్కితే చల్లటి పాలు. లీటరు 1 యూరో 20 సెంట్లు. పక్కన అరలో కోడిగుడ్లు, ఒక డబ్బా. గుడ్లు తీసుకుని డబ్బులు డబ్బాలో వేయాలి, చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. మొదట్లో నేను కెమెరా ఎక్కడుందా అని పైకప్పంతా వెతికాను.

మిషన్ మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు: పచ్చిపాలు, తాగేముందు కాచుకోండి. అలా రాసిపెట్టాలని ఇక్కడి చట్టం. ఆ రోజు గానీ ముందురోజు గానీ పితికిన పాలే అమ్మాలి. కాచుకోమని మనకి ఒకరు చెప్పాలా! కాకపోతే ఇక్కడి కరెంటు పొయ్యి కట్టేశాక కూడా వేడి దిగదు. స్విచ్ ఆపేశాను కదా అని వెనక్కి తిరిగానో లేదో పాలు పొంగి పొయ్యంతా మాడు. మూడుసార్లయింది. ఇప్పుడు పొంగు వస్తుండగానే గిన్నె పక్కకి జరిపేస్తాను.

పాల గురించి చెప్పాలంటే, ముందు మీగడ గురించి చెప్పాలి. సూపర్ మార్కెట్ పాలలో కొవ్వు విడిపోకుండా ముందే కలిపేస్తారు, ఎంతసేపు కాచినా పైన పల్చటి పొరే. వీటికి చల్లారేసరికి దళసరి మీగడ కడుతుంది. వారం రోజుల మీగడ దాచి, తోడేసి చిలికితే మా ఇద్దరికీ సరిపడా నెయ్యి. గేదె పాల చిక్కదనం మాత్రం ఆశించకండి. ఇక్కడివి బూడిదరంగు కలిసిన గోధుమరంగు ఆవులు. పెరుగు వేసవిలో బాగానే తోడుకుంటుంది. చలికాలం మాత్రం ఓవెన్‌లో లైటు వేసి రాత్రంతా లోపల పెట్టాల్సిందే.

ఇక చిల్లర. నోట్లు, కార్డులు తీసుకోదు, ఎక్కువ వేస్తే తిరిగి ఇవ్వదు. రెండు యూరోల నాణెం వేసి, లీటరు సీసా పెట్టి, మిగతా పాలు కిందకి కారిపోతుంటే చూస్తూ నిలబడ్డాను ఒకసారి. ఇంకొకటి, మిషన్ ఇరవైనాలుగు గంటలూ అని రాసి ఉంటుంది గానీ సాయంత్రం నాలుగింటికి వెళ్తే తరచూ ఖాళీ. పాలు తీసేది ఆరింటికి. మొదట్లో ఈ విషయం మీద కోపం వచ్చేది, ఫిర్యాదు చేద్దామంటే నంబరు కూడా లేదు. ఆవులకి ఫోన్ చేస్తావా అని మా ఆయన. ఇప్పుడు ఆరున్నరకే బయల్దేరతాను. ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ ‘గ్రూస్ గాట్’ అని ఇక్కడి నమస్కారం చెప్పుకుంటూ వెళ్ళేసరికి ఐదు నిమిషాల నడక పావుగంట పడుతుంది.

ఇద్దరు మనుషులు రోజూ రెండు లీటర్లు ఏం చేస్తారని రైతు భార్య అడిగితే, మొన్న ఒక డబ్బాలో పెరుగన్నం తీసుకెళ్ళి ఇచ్చాను, ఆవాలు, కరివేపాకు పోపుతో సహా. వీళ్ళకి పాలలో ఉడికించిన తియ్యటి అన్నం అలవాటు. ఆవిడ ఒక ముద్ద తిని, ఆలోచించి, లోపలికి వెళ్ళి దాల్చినచెక్క పొడి, పంచదార తెచ్చి పైన చల్లుకుంది. డబ్బా కడిగి, అందులో ఆరు గుడ్లు పెట్టి మరీ తిరిగి పంపింది.