జేబు చాకు: రెండు వందలది, రెండు వేలది

బెజవాడ వన్‌టౌన్‌లో మాది కిరాణా హోల్‌సేల్ కొట్టు. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి చాకుతోనే పని: అట్టపెట్టెల టేపు, నూనె డబ్బాల ప్లాస్టిక్ పట్టీలు, గోనెసంచి కుట్లు, పురికొస, మధ్యాహ్నం ఓ జామకాయ. ఏళ్లపాటు చవక చాకులే వాడాను, తర్వాత విక్టోరినాక్స్ స్పార్టన్ అనే స్విస్ మడత చాకు జేబులోకి వచ్చింది, ఇంట్లోకి ఓపినెల్ 8వ నంబరు అనే ఫ్రెంచ్ మడత చాకు.

చవకవంటే ఫుట్‌పాత్ మీద రెండు వందలకు దొరికే నల్ల చాకులు, పిడి మీద పులో డేగో బొమ్మ ఉంటుంది. కొన్న రోజు బ్రహ్మాండంగా కోస్తాయి, అక్కడే పడిపోతాం. అలుగు (కోసే రేకు) మీద 440 అని ఉక్కు రకం ముద్ర కొడతారు గానీ 440ఏ నా, 440సీ నా చెప్పరు, ఆ రెంటికీ కార్బన్‌లోనే బోలెడు తేడా, పైగా ఉక్కు ఏదైనా సరిగ్గా కాచి చల్లార్చకపోతే ఆ అంకెకు విలువ లేదు. వారం తిరక్కుండానే అంచు పక్కకి వాలిపోతుంది. గోటిని అలుగు పక్కనుంచి అంచు వైపు మెల్లగా దింపి చూడండి, ఆ వాలిన అంచు గోటికి తగులుతుంది.

పదును సంగతి సరే, సాన పట్టుకోవచ్చు. భయమంతా తెరిచిన అలుగు మడతపడకుండా ఆపే లాకుతోనే. పిడి లోపలి సన్నటి రేకు పక్కకు వచ్చి అలుగు వెనక అడ్డం నిలబడాలి, చవక వాటిలో ఆ రేకు మరీ పలచన, ఆనేది కూడా అంతంతమాత్రం. పట్టీ మీద నొక్కి లాగుతుంటే టక్కున మడతపడి నా చూపుడువేలు తెగింది, కుట్లు, టీటీ ఇంజక్షన్, అన్నీ అయ్యాయి. ఉందని ధైర్యమిచ్చి జారిపోయే లాక్ కన్నా అసలు లేకపోవడమే నయం.

స్పార్టన్‌కి నిజంగానే లాక్ లేదు. వెనక స్ప్రింగు బిగువు మీదే అలుగు నిలుస్తుంది, కాబట్టి మొనతో పొడిచే పనులు దానితో పెట్టుకోకూడదు. 91 మిల్లీమీటర్ల పిడి, చొక్కా జేబులో వేసినా బరువనిపించదు. రెండు అలుగుల్లో పెద్దది టేపుకి, చిన్నది పండ్లకి మాత్రమే వాడతాను (టేపు జిగురు అంటిన అలుగుతో జామకాయ కోసుకు తింటే తెలుస్తుంది ఎందుకో). సీసా బిరడా తీసే మరమేకు మనకెందుకు దండగ అనుకుంటాం గానీ, బిగుసుకున్న పురికొస ముడిలోకి దూర్చి తిప్పితే ఇట్టే వదులవుతుంది. ఉక్కు గట్టితనం 56 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ అనే గట్టితనం కొలత), అంటే మరీ గట్టిదేం కాదు, పదును తగ్గుతుంది, కానీ పింగాణీ కప్పు బోర్లించి అడుగున గరుకుగా ఉండే అంచు మీద నాలుగు సార్లు అటూ ఇటూ రాస్తే మళ్లీ వచ్చేస్తుంది. చవక చాకుకి ఇదే చేస్తే సాయంత్రం దాకా కూడా ఆగదు.

కోతలో మాత్రం ఓపినెల్‌దే పైచేయి, అలుగు అంత పలచన. 1955 నుంచి వస్తున్న ఆ తిప్పే రింగు లాక్ చూడ్డానికి బొమ్మలా ఉన్నా గట్టిగా పట్టుకుంటుంది. కార్బన్ స్టీల్‌ది కొంటే నిమ్మకాయ, మామిడికాయ కోసిన వెంటనే తుడవాలి, లేదంటే నల్లబడుతుంది. చెక్క పిడి కాబట్టి వానాకాలం తేమకి ఉబ్బి అలుగు బిగుసుకోవడం మామూలే. అప్పుడు పిడి వెనక కొసని బల్ల అంచుకి ఒక్కటి తగిలిస్తే అలుగు కాస్త బయటికొస్తుంది, ఫ్రాన్స్‌లో సవోయ్ వాళ్ల పాత చిట్కా ఇది.

కొట్టు పనికి స్పార్టన్, వంటింటికి ఓపినెల్ స్టెయిన్‌లెస్ తీసుకోండి. అంత పెట్టలేకపోతే మడత చాకే వద్దు, స్టేషనరీ షాపులో ముక్కలుగా విరిచే బ్లేడు కట్టర్ దొరుకుతుంది, టేపుకి అదే మేలు. ఏది కొన్నా విమానం ఎక్కేముందు చేతి బ్యాగులోంచి తీసి చెక్‌-ఇన్ లగేజీలో వేయండి, లేదంటే సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావాల్సి వస్తుంది.