పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు ఇది చదవండి

మందుల హోల్‌సేల్ చేసేవాళ్ళందరికీ చెప్తున్నాను. మన ఏజెన్సీల చుట్టూ తిరుగుతూ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో (ఆఫీస్‌లో వచ్చే డేటాబేస్ ప్రోగ్రాం) చేసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాడే, అతని దగ్గర కొనకండి. నావి 28,000 పోయాయి. రాత్రి నిద్ర పట్టలేదు.

కౌంటర్ కంప్యూటర్‌లో అతనే వచ్చి పెట్టాడు. బానే నడిచింది. బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు చక్కగా వచ్చాయి. అది చూసి డబ్బు మొత్తం అప్పుడే ఇచ్చేశాను. మిగతా మూడు కంప్యూటర్లకు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "కాపీ చేసుకుంటే చాలు సార్" అన్నాడు.

గోడౌన్ కంప్యూటర్‌లో ఫైలు తెరుచుకోనే లేదు. అకౌంట్స్ అమ్మాయి దాంట్లో ఏదో ఇంగ్లీషు మెసేజ్ వచ్చింది. మూడోదాంట్లో స్క్రీన్ వచ్చింది కానీ బిల్లు కొట్టబోతే ఎర్రర్. ఫోటోలు తీసి పంపాను. "మీ సిస్టమ్స్‌లో వైరస్ ఉంది, ఫార్మాట్ కొట్టించండి" అన్నాడు. నమ్మి ఆ మూడోదాన్ని కొట్టించాను. రెండేళ్ళ కొటేషన్లు పోయాయి. మళ్ళీ అదే ఎర్రర్.

నిన్న రాత్రి మా మేనల్లుడు వచ్చి ఆ మూడోదాన్ని చూశాడు. "మామయ్యా, ఇందులో ఏం రాసుందో చదివావా?" అన్నాడు. నాట్ ఎ వ్యాలిడ్ పాత్, అంటే ఫైలు ఉన్న చోటు సరైంది కాదు అని ఉంది. దాని ముందు ఫైలు ఎక్కడుందని వెతుకుతోందో కూడా ఉంది. సీ డ్రైవ్, యూజర్స్, ఆ తర్వాత మాకు అమ్మినవాడి పేరు, డెస్క్‌టాప్! మా షాపు కంప్యూటర్ మా స్టాకు కోసం అతని లాప్‌టాప్‌లో ఉన్న ఫోల్డర్‌ను వెతుకుతోంది. స్టాకు, బిల్లుల వివరాలుండే టేబుల్స్‌కు ఇచ్చిన లింకులు అతని లాప్‌టాప్‌వి, వాటిని మార్చకుండానే కాపీ చేసి ఇచ్చాడు. కౌంటర్ దగ్గర మార్చాడు కాబట్టే అక్కడ నడిచింది. అంటే అతనికి సంగతి తెలుసు. తెలిసీ వైరస్ అన్నాడు. తన పేరే ఉన్న ఫోటో చూసి కూడా నా కంప్యూటర్ ఫార్మాట్ చేయించాడు. నాకు కడుపు మండుతున్నది అందుకే.

అకౌంట్స్ కంప్యూటర్‌లో ఉన్నది 64 బిట్ ఆఫీస్. ఇతను ఇచ్చిన ఏసీసీడీఈ ఫైలు (లోపల మార్చడానికి వీల్లేకుండా లాక్ చేసిన యాక్సెస్ ఫైలు) 32 బిట్‌లో చేసింది, 64 బిట్‌లో తెరుచుకోదు. 32 బిట్ యాక్సెస్‌లో తెరవమని ఆ మెసేజే స్పష్టంగా చెప్తోంది. గోడౌన్‌లో అసలు యాక్సెసే లేదు, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే యాక్సెస్ రన్‌టైమ్ (యాక్సెస్ ఫైళ్ళను నడపడానికి మాత్రమే పనికొచ్చేది) 32 బిట్‌ది వేస్తే ఫైలు తెరుచుకునేదట. ఆ మెసేజ్‌లు ముందే ఎవరితోనైనా చదివించుకోవాల్సింది. తప్పు నాదే.

పొద్దున్న ఫోన్ చేసి అడిగాను. "మీకు నాలెడ్జ్ లేకపోతే నేనేం చేయాలి? సిస్టమ్‌కు 3,000 ఇస్తే వచ్చి చేస్తా" అన్నాడు. పోయిన కొటేషన్ల మాట ఎత్తగానే పెట్టేశాడు. ఇప్పుడు నా నంబరు బ్లాక్ చేశాడు. మేమే మార్చుకుందామంటే మార్పులు చేయడానికి వీలుండే ఏసీసీడీబీ ఫైలు ఇవ్వలేదు, టేబుల్స్ కనపడకుండా దాచేశాడు. 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) వేయాలి, మా అకౌంట్స్ అమ్మాయి చేత్తో రాసిన బిల్లులు ముందేసుకుని కూర్చుంది.

ఎవరి దగ్గర కొన్నా సరే, మీ కంప్యూటర్లన్నిట్లో తలా ఒక బిల్లు కొట్టించి చూశాకే డబ్బివ్వండి. ఏసీసీడీబీ ఫైలు కూడా అడిగి తీసుకోండి. ఇతని దగ్గర ఇప్పటికే కొన్నవాళ్ళుంటే చెప్పండి, కలిసి వెళ్ళి అడుగుదాం.