చదరంగం కంప్యూటర్: కొత్తవారికి అందులో నిజంగా పనికొచ్చేది ఏది?

చదరంగం కొత్తగా నేర్చుకునేవారి కోసం తయారుచేసిన ఎలక్ట్రానిక్ చెస్ కంప్యూటర్‌ను మేము కొన్నేళ్ళుగా వాడుతున్నాం. మల్కాజిగిరిలో మా ఇల్లూ మా అక్క ఇల్లూ పక్క పక్క వీధుల్లోనే ఉండటం వల్ల, నేనూ మా మేనకోడలూ ఒకే యంత్రం మీద, దాదాపు ఒకే కాలంలో ఆట నేర్చుకున్నాం. నాకు పావులు ఎలా నడుస్తాయో మాత్రమే తెలుసు. ఆరో తరగతిలో ఉన్న ఆ పిల్లకు అప్పటికి అదీ తెలియదు. వయసులో ఇంత తేడా ఉన్న ఇద్దరికి ఈ యంత్రం ఏం నేర్పింది, ఏం నేర్పలేకపోయింది అన్నది కొనబోయేవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే స్థాయిల సంఖ్యను చూసి ఈ యంత్రాన్ని కొనకండి. కొత్తవారికి ఇందులో అన్నిటికన్నా విలువైనది, మనకు కావలసిన పావులను కావలసిన గళ్ళలో పెట్టి అక్కడి నుంచి ఆడుకోనిచ్చే సౌకర్యం. పెట్టె మీద దాని ప్రస్తావన చాలాసార్లు ఉండదు, ఉన్నా ఒక మూల చిన్న అక్షరాలలో ఉంటుంది.

మా దగ్గర ఉన్నది గళ్ళ కింద స్పర్శను గుర్తించే పొర ఉన్న రకం. లెక్సిబుక్, మిలీనియం వంటి కంపెనీలు కొత్తవారి కోసం అమ్మే యంత్రాలలో ఎక్కువ భాగం ఈ తరహావే. కదపదలచిన పావును అది ఉన్న గడిలోనే మెల్లగా అదిమి, ఎత్తి, చేరవలసిన గడిలో పెట్టి మళ్ళీ అదమాలి. జవాబుగా యంత్రం బల్ల అంచున దీపాలు వెలిగిస్తుంది. నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డు వరుసలకు 1 నుంచి 8 దాకా అంకెలు పేర్లు. ఉదాహరణకు జి దగ్గర ఒకటి, 8 దగ్గర ఒకటి వెలిగితే, ఆ రెండు వరుసలూ కలిసే గడిలోని గుర్రాన్ని అదమాలి. తరువాత ఎఫ్ దగ్గర, 6 దగ్గర వెలిగితే దాన్ని ఎఫ్6లో పెట్టాలి. 1977లో అమెరికాలో ఫిడెలిటీ సంస్థ అమ్మకానికి తెచ్చిన తొలి చెస్ కంప్యూటర్‌లో ఎత్తును అంకెల బటన్లపై నొక్కి, పావును విడిగా చేత్తో జరపవలసి ఉండేది. ఆ రెండు పనులూ ఒకటి కావడమే కొత్తవారికి పెద్ద మేలు. గళ్ళ పేర్లు నేర్పడానికి మేము ఎవరమూ కూర్చోలేదు. దీపాలను చూసి పావులు కదపడంలోనే మా మేనకోడలికి అవి నోటికి వచ్చేశాయి. తరువాత పోటీలలో తన ఎత్తులను కాగితం మీద రాయవలసి వచ్చినప్పుడు ఆమె ఏమాత్రం తడబడలేదు.

అదమడంలో ఒక చిన్న మెలకువ ఉంది. వేలితో గడిని పొడవకూడదు. పావు అడుగుభాగాన్ని గడి మధ్యలో ఆనించి, పీట సమంగా తగిలేటట్లు నొక్కాలి. అంచున నొక్కితే పక్క గడి కూడా పలికి, యంత్రం తప్పు ఎత్తు అని మోగుతుంది. మొదటి వారంలో చాలామంది యంత్రం పాడైందని అనుకునేది ఇక్కడే.

నియమాల విషయంలో ఈ యంత్రం చాలా గట్టిది, ఆ గట్టిదనమే కొత్తవారికి గురువు. క్యాస్లింగ్, అంటే రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపి రాజును భద్రపరచడం, చేయాలంటే ముందు రాజును రెండు గళ్ళు జరపాలి. అప్పుడు ఏనుగు ఎక్కడి నుంచి ఎక్కడికి రావాలో దీపాలతో తానే చూపిస్తుంది. ముందు ఏనుగును కదిపితే దాన్ని మామూలు ఏనుగు ఎత్తుగానే లెక్కవేసి తన జవాబు తాను ఆడేస్తుంది. మన ఇళ్ళల్లో పెద్దలు ఆడే ఆటలో ఎన్ పాసాంట్, అంటే రెండు గళ్ళు నడిచి మన బంటు పక్కకు వచ్చిన బంటును వెంటనే అది దాటిన గడిలోకి వెళ్ళి చంపడం, అన్న నియమమే కనిపించదు. బంటు మొదటి ఎత్తులో ఒక గడే నడవాలనేవారు కూడా ఇంకా ఉన్నారు. మా మేనకోడలి బంటు ఇ5లో ఉండగా యంత్రం తన బంటును డి7 నుంచి డి5కి రెండు గళ్ళు నడిపింది. ఇ5 అదిమి డి6 అదమమని నేను చెప్పాను. వెంటనే డి5 దగ్గర దీపాలు వెలిగాయి, అంటే అక్కడి నల్ల బంటును కూడా అదిమి తీసేయాలని అర్థం. పక్క గడిలో ఉన్న బంటు చచ్చిపోవడం ఆ పిల్లకు వింతగా తోచింది గాని, ఆ దీపం చూశాక ఆ నియమాన్ని మళ్ళీ వివరించవలసిన అవసరం రాలేదు.

ఇక స్థాయిల సంగతి. ఈ తరహా యంత్రాలలో పదుల సంఖ్యలో స్థాయిలు ఉంటాయి. వాటిలో కొన్ని ఆలోచించడానికి ఎంతసేపు తీసుకోవాలో నిర్ణయించేవి, కొన్ని ఎన్ని ఎత్తుల ముందుకు చూడాలో నిర్ణయించేవి, కొన్ని ఆటకట్టు సమస్యలు సాధించడానికి పెట్టినవి, మిగిలినవి పిల్లల కోసం కావాలని బలహీనం చేసినవి. మొదటి మెట్టు నుంచి ఒక్కొక్కటే ఎక్కుతూ పోతే ఆట దానంతట అదే వచ్చేస్తుందని కొనేవారు అనుకుంటారు. మా అనుభవంలో అలా జరగలేదు. కింది స్థాయిలలో యంత్రం ఐదారు ఎత్తులు చక్కగా ఆడి, ఉన్నట్టుండి మంత్రిని బంటు నోట్లో పెడుతుంది. ఒకసారి మా మేనకోడలు ఆట ఆపి, "మామయ్యా, ఇది గుర్రాన్ని ఊరికే ఎందుకిచ్చేసింది? ఇందులో ఏదో పన్నాగం ఉందంటావా?" అని అడిగి, చాలాసేపు ఆలోచించి, ఆ గుర్రాన్ని తీసుకోకుండా వదిలేసింది. అందులో ఏ పన్నాగమూ లేదు. ఆ స్థాయిలో అలా ఇవ్వడమే దానికి పెట్టిన పని.

కొత్తగా నేర్చుకునే మనిషి చేసే పొరపాట్లు వేరు. వెనక్కు వచ్చే శకటును గమనించడు, గుర్రం ఒకే ఎత్తుతో రెంటిని బెదిరిస్తే ఆలస్యంగా చూస్తాడు, దాడి చేసే ఉత్సాహంలో తన రాజును మరిచిపోతాడు. అలాంటి పొరపాట్లను పట్టుకోవడం నేర్చుకుంటేనే తోటి మనిషిపై గెలుస్తాం. యంత్రం కావాలని వేసే తప్పులను ఎంతకాలం ఏరుకున్నా ఆ నేర్పు అలవడదు. అందువల్ల అన్నిటికన్నా కింది స్థాయిలను త్వరగా దాటేసి, యంత్రం ఒకటి రెండు ఎత్తులు మాత్రమే ముందుకు చూసే స్థాయిలలో ఎక్కువ కాలం ఉండమని నా సలహా. అక్కడ అది ఓడినా, చూడలేకపోవడం వల్ల ఓడుతుంది. ఆ ఓటమి నిజమైనది.

అది ఎలా చూస్తుందో కొంచెం తెలిస్తే దాని ప్రవర్తన అర్థమవుతుంది. బంటుకు 1, గుర్రానికీ శకటుకూ చెరి 3, ఏనుగుకు 5, మంత్రికి 9 అని విలువలు కట్టి, రాబోయే ఎత్తులను ఒక్కొక్కటే పరీక్షించి ఎక్కువ మార్కులు వచ్చే దారిని ఎంచుకోవడం ఈ యంత్రాల పద్ధతి. దీనికి పునాది 1950లో అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ ప్రచురించిన వ్యాసంలోనే ఉంది. ఆట మొదట్లో తెల్లవారికి 20 ఎత్తులు ఉంటాయి, నల్లవారు కూడా ఒకసారి ఆడేసరికి 400 రకాలు అవుతాయి. అక్కడి నుంచి లెక్క చేయి దాటిపోతుంది కాబట్టి చిన్న యంత్రం కొంత దూరం చూసి ఆగిపోతుంది. ఓటమి తప్పదని తేలినప్పుడు అది ఏనుగునో శకటునో అనవసరంగా అడ్డుపెట్టి, చెక్ మీద చెక్ చెబుతూ పావులు పారేసుకోవడం మీరూ చూస్తారు. ఆ ఎత్తులతో ఆటకట్టు దాని చూపుకు అందనంత దూరం జరుగుతుంది గనుక, ప్రమాదం తప్పిపోయిందనే దాని లెక్క. ఇది తెలియని పిల్లలు ఆ చెక్‌లను చూసి కంగారు పడతారు. తెలిసినవారు నిదానంగా పావులు తీసుకుంటూ పోతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్థితిని అమర్చే బటన్ నొక్కి, బల్లను ఖాళీ చేసి, ఏ రంగు పావు కావాలో ఎంచుకుని, గడిని అదిమితే ఆ పావు అక్కడ చేరినట్టు యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. రెండు వైపులా రాజు ఉండి తీరాలి, లేకపోతే ఆట మొదలుపెట్టదు. మేము మొదట తెల్లరాజు, తెల్లమంత్రి, ఎదుట ఒంటరి నల్లరాజు పెట్టుకుని, యంత్రాన్ని నల్లవైపు కూర్చోబెట్టి ఆడాం. ఇది చాలా తేలిక అని వినేవారికి అనిపిస్తుంది. సరిగా ఆడితే ఏ స్థితి నుంచి అయినా 10 ఎత్తుల్లోపు ఆటకట్టు చేయవచ్చు. కాని కొత్తవారి చేతిలో ఇది చాలాసార్లు స్టేల్‌మేట్ అయి చేజారుతుంది. నల్లరాజు మూలన ఎ8లో ఉండగా మంత్రిని బి6లో పెడితే చెక్ ఉండదు, రాజు వెళ్ళడానికి గడీ ఉండదు, ఆట సమం అయిపోతుంది. మూలన లేని రాజును అంచుకు తోలడానికి మంత్రిని గుర్రం దూకేంత దూరంలో నిలపడం మంచి పద్ధతే; రాజు మూలకు చేరిన క్షణాన అదే దూరం కొంప ముంచుతుంది. ఈ మాట పుస్తకంలో చదివినప్పటికన్నా, యంత్రం టకీమని మోగి తెర మీద సమం గుర్తు చూపించినప్పుడు బాగా నాటుకుంటుంది.

దాని తరువాత రాజు, ఏనుగుతో ఒంటరి రాజును కట్టడం. ఎంత కష్టమైన స్థితి అయినా 16 ఎత్తుల్లో పూర్తవుతుంది గాని, కొత్తవారు ఏనుగుతో ఊరికే చెక్‌లు చెబుతూ 50 ఎత్తుల నియమం దాకా (బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా ఇద్దరూ 50 ఎత్తుల చొప్పున ఆడితే ఆట సమం) పోతారు. ఏనుగుతో నల్లరాజుకు ఒక గది గీసి, మన రాజును దగ్గరికి నడిపిస్తూ ఆ గదిని ఒక్కొక్క వరుసే తగ్గించుకుంటూ రావాలి. యంత్రం ఇక్కడ విసుగు లేకుండా ఎదురుపడుతుంది. నేను పదేపదే అదే స్థితి పెట్టమంటే మా మేనకోడలు ఒప్పుకోదు, ఆమె అడిగితే నాకు ఓపిక ఉండదు; యంత్రానికి ఆ ఇబ్బంది లేదు. పైగా అది ప్రతిసారీ గట్టిగానే కాపాడుకుంటుంది. ఈ సాధన చేసేటప్పుడు స్థాయిని మధ్యస్థంగా ఉంచాలి, కింది స్థాయిలో రాజు తనంతట తాను మూలకు నడిచి వస్తాడు.

మూడోది ఒక్క బంటుతో చేసే సాధన. తెల్లరాజు ఇ5లో, తెల్లబంటు ఇ6లో, నల్లరాజు ఇ8లో ఉంచి తెల్లవైపు మీరు ఆడండి. రాజును డి6కి తెస్తే నల్లరాజు డి8కి ఎదురొస్తాడు, బంటును ఇ7కి తోస్తే చెక్ అవుతుంది, నల్లరాజు ఇ8కి వస్తాడు; ఇక బంటును కాపాడుకోవడానికి ఇ6కి వెళితే స్టేల్‌మేట్. అదే రాజును ఇ6లోనూ బంటును దాని వెనక ఇ5లోనూ పెట్టి ఆడండి, ఎత్తు ఎవరిదైనా గెలుపు మీదే. బంటు ముందా, రాజు ముందా అన్న ఈ ఒక్క తేడా తెలిశాక మా ఇద్దరి ఆటా మారిపోయింది. మధ్యలో పావులు మార్చుకోవాలా వద్దా అన్న నిర్ణయం కూడా దాని మీదే ఆధారపడుతుందని అప్పుడు అర్థమైంది.

ఎత్తును వెనక్కి తీసుకునే బటన్, సూచన అడిగే బటన్ కూడా ఉంటాయి. మొదటిది మంచి సాధనం: ఓడిన తరువాత ఎక్కడ దారి తప్పిందో ఆ ఎత్తు దాకా వెనక్కి వెళ్ళి మరో విధంగా ఆడి చూడవచ్చు. సూచన బటన్‌ను మాత్రం మేము పక్కన పెట్టేశాం. అది ఏ ఎత్తు ఆడాలో చూపిస్తుంది గాని ఎందుకో చెప్పదు. వెనక్కి తీసుకోవడం అలవాటైన పిల్లలు పోటీకి వెళ్ళినప్పుడు ఇంకో చిక్కు ఉంది. అక్కడ తాకిన పావును ఆడి తీరాలి. కాబట్టి ఆట సాగుతుండగా ఆ బటన్ ముట్టుకోకూడదు, ఆట అయ్యాకే వాడాలి అని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం.

ఫోన్‌లో లైచెస్ వంటి చదరంగం యాప్‌లు ఉచితంగా దొరుకుతుండగా ఇది ఎందుకని చాలామంది అడిగారు. బలం విషయంలో పోలికే లేదు. ఫోన్‌లోని స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రామ్ ముందు ఈ యంత్రం నిలవదు. కాని కొత్తవారికి బలం అక్కర లేదు. పోటీలో ఆడేది చెక్క బల్ల మీద, నిలువుగా నిలబడిన పావులతో. తెర మీద పైనుంచి చూసి నేర్చిన కంటికి అక్కడ దూరంగా ఉన్న శకటు కనిపించదు. 2024లో బుడాపెస్ట్‌లో దేశాల జట్ల మధ్య జరిగిన చదరంగం ఒలింపియాడ్‌లో భారత్ రెండు స్వర్ణాలు గెలిచిన తరువాత, ఆ జట్లలో అర్జున్ ఇరిగేశి, హరికృష్ణ, హారిక ఉండటం వల్ల కూడా కావచ్చు, మా ప్రాంతంలో పిల్లల్ని చదరంగం శిక్షణకు పంపేవారు బాగా పెరిగారు. శిక్షణ లేని రోజుల్లో వాళ్ళ చేతికి ఫోన్ ఇవ్వడం కన్నా ఈ బల్ల ఇవ్వడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

లోపాలు కూడా చెప్పాలి. మా యంత్రంలో మధ్య గళ్ళలో ఒకటి, అందరూ ఎక్కువగా అదిమేది, కొంతకాలానికి మొద్దుబారింది. గట్టిగా నొక్కితే గాని పలకదు. కంపెనీ నుంచి విడిభాగం దొరకలేదు, కోఠీ గుజరాతీ గల్లీలో చూపిస్తే ఆ పొరను విడిగా మార్చడం కుదరదన్నారు. బ్యాటరీలతో ఆడితే ఖర్చు ఎక్కువవుతుంది గనుక అడాప్టర్ కొన్నాం. అదీ అదే గల్లీలో దొరికింది. కొనేటప్పుడు వోల్టేజ్ ఒక్కటే చూస్తే చాలదు, పిన్ లోపలి భాగం ప్లస్సా మైనస్సా అన్న గుర్తు యంత్రం మీద ఉన్న గుర్తుతో సరిపోవాలి. వివరాల పుస్తకం తెలుగులో రాదు, అక్షరాలు చాలా చిన్నవి. స్థితి అమర్చే భాగాన్ని నేను తెలుగులో ఒక కాగితం మీద రాసి బల్ల అడుగున అంటించాను.

దుకాణంలో కొనేవారు డబ్బు ఇచ్చే ముందు బ్యాటరీలు వేయించి 64 గళ్ళనూ ఒక్కొక్కటిగా అదిమి చూడండి. స్థితిని అమర్చే సౌకర్యం ఉందా అని అడిగి, రెండు రాజులు, ఒక ఏనుగు పెట్టించి చూడండి. ఆపి మళ్ళీ వేస్తే ఆట గుర్తుంటుందో లేదో పరీక్షించండి. పావుల అడుగున బరువు ఉన్నవి, గళ్ళు మరీ ఇరుకు కానివి ఎంచుకోండి. స్థాయిలు ఎన్ని ఉన్నాయని అడగనక్కర లేదు, దుకాణదారు తానే చెబుతాడు.